ఏప్రిల్‌లో గోబీ నారు

ఏప్రిల్ నెలలో గోబీ నారు అమ్మడం మోసం. ఇదే మాట ఇంకొంచెం మెత్తగా చెప్పొచ్చు. చెప్పను.

రాజీవ్ రహదారి మీద తూంకుంట దాటి శామీర్‌పేట చెరువు వైపు పోతుంటే, అటు నాగపూర్ హైవే మీద కొంపల్లి నుంచి మేడ్చల్ దాకా, రోడ్డు వారన ఆకుపచ్చ వలల కింద నర్సరీలు కనిపిస్తాయి. బయట ఎండ 40 డిగ్రీలు. లోపల నల్ల ట్రేల నిండా గోబీ, క్యాబేజీ, టమాటా, క్యాప్సికం నారు. పక్కన చిన్న సంచుల్లో రోజ్‌మేరీ, థైమ్, పార్స్‌లీ. కారు దిగిన దంపతులు కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ళు. ఇంటి వెనక నాలుగు మడులకు సరిపడా జాగా మిగిలింది వాళ్ళకి. "ఇప్పుడు నాటొచ్చా?" అని అడుగుతారు. "ఎప్పుడైనా నాటొచ్చు సార్, ఏం కాదు" అని జవాబు వస్తుంది. నా కోపమంతా ఆ ఒక్క జవాబు మీద.

గోబీ సంగతే తీసుకోండి. ఆ మొక్క ఆకులు పెంచుకోవడానికి ఒక లెక్క, పువ్వు కట్టడానికి ఇంకో లెక్క. వేడిలో ఆకుల మీద ఆకులు వేస్తూ పోతుంది, పువ్వు ఊసు ఎత్తదు. ట్రేలో ముదిరిపోయిన నారయితే చొక్కా గుండీ అంత పువ్వు కట్టి అక్కడితో సరి. గోబీలోనే ముందు వేసే రకాలు, మధ్యకాలం రకాలు, ఆలస్యం రకాలు ఉన్నాయి. ముందు రకానికి 25 డిగ్రీల అటూ ఇటూ ఉన్నా పువ్వు కడుతుంది, ఆలస్యం రకానికి అంతకంటే చాలా చల్లగా ఉండాలి. ట్రేలో ఉన్నది ఏ రకమో అమ్మే మనిషికే తెలియదు. మే నెలలో మేడ్చల్‌లో తెల్లవారుజామున కూడా వేడి సరిగా తగ్గదు. ఏ రకమైతే మాత్రం ఏం చేస్తుంది?

టమాటాది ఇంకా చెడ్డ నాటకం, ఎందుకంటే అది ఆశ పెడుతుంది. నాటిన మొక్క తేరుకుంటుంది, పెరుగుతుంది, పసుపు పూత కూడా వస్తుంది. పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 దాటిన చోట పుప్పొడి పనికిరాకుండా పోతుంది. పూత కాడ దగ్గర విరిగి రాలుతుంది. ఇంటాయన మళ్ళీ అదే నర్సరీకి వెళ్తాడు. ఈసారి పూత నిలిపే మందు, వేపనూనె, కొబ్బరిపొట్టు ఇటుక, చిన్న స్ప్రేయరు, నీడవల కొనుక్కొస్తాడు. మొక్కకు వచ్చిన రోగం పేరు ఏప్రిల్. దానికి మందు ఇంకా ఏ సీసాలోనూ రాలేదు. కానీ సీసా అమ్ముడుపోతూనే ఉంది.

ఈ వ్యాపారం ఇంత నిబ్బరంగా నడవడానికి కారణం, నష్టపోయినవాడు అమ్మినవాణ్ణి తిట్టడు. తన చేతిని తిట్టుకుంటాడు. "నా చెయ్యి మంచిది కాదండీ, నేను నాటితే ఏదీ బతకదు." అలవాల్‌లో, దేవరయాంజాల్‌లో, తుర్కపల్లి దగ్గరి విల్లాల్లో ఈ మాట చదువుకున్నవాళ్ళ నోట, మంచి ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళ నోట విని విని విసుగొచ్చింది. చేతిలో ఏ దోషమూ లేదమ్మా. నెల తప్పు. ఆ నెలలో మీ అమ్మమ్మ చేతికి ఇచ్చినా ఆ నారు బతకదు. తేడా ఒక్కటే, ఆమె చేతికి తీసుకునేదే కాదు.

విత్తనాల ప్యాకెట్ ఈ పాపంలో భాగస్వామి. తెలంగాణ దేశానికి విత్తన భాండాగారం అని పదేళ్ళుగా వింటున్నాం. 2019లో అంతర్జాతీయ విత్తన పరీక్షల సంఘం మహాసభ హైదరాబాదులోనే జరిగింది. విత్తన కంపెనీల ఆఫీసులు, పరీక్షా క్షేత్రాలు ఈ మేడ్చల్ దారిలోనే బోలెడు. అయినా పెరటి కోసం అమ్మే ప్యాకెట్ వెనక తిప్పి చూడండి. 1966 విత్తన చట్టం పుణ్యమా అని మొలక శాతం ఉంటుంది, పరీక్ష చేసిన తేదీ ఉంటుంది, గడువు ఉంటుంది. ఎప్పుడు విత్తాలి అన్న చోట చాలా వాటి మీద "సంవత్సరం పొడవునా" అని రెండు ముక్కలు. కొత్తిమీర మీదా అదే, క్యారెట్ మీదా అదే. మొలక శాతం మీద అబద్ధం రాస్తే కేసు అవుతుంది. కాలం మీద అబద్ధం రాస్తే ఏమీ కాదు. మొలిచి చచ్చే విత్తనానికి మొలక శాతం ఎంతుంటే ఏం?

ఇక ఫోన్లు. పొద్దున లేస్తే విదేశీ తోటమాలి ఒకాయన తెర మీద కనిపించి "ఆఖరి మంచు పడే తేదీ చూసుకుని, దానికి ఆరు వారాల ముందు ఇంట్లో నారు పోయండి" అంటాడు. ఆయన ఊళ్ళో ఆ మాట అక్షరాలా నిజం. అక్కడ చలికి నేల గడ్డకడుతుంది, మొక్కకు మృత్యువు చలికాలం. దాన్ని మనవాళ్ళు తెలుగులోకి దించి, మార్చిలో టమాటా నారు పోసి, "స్టెప్ వన్" అని వీడియో పెడతారు. మార్చిలో నారు పోస్తే నాటేది ఎప్పుడు? ఏప్రిల్ చివర. భరణి కార్తెలో. వాళ్ళ లెక్క ప్రకారం మంచు తప్పించుకున్న మొక్కను మనం తెచ్చి సరాసరి ఎండలో పడేస్తున్నాం.

మనకు మంచు భయం లేదు. మన పెరటికి చచ్చే కాలం ఎండాకాలం. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే మిగతాదంతా దాని వెనకే నడిచొస్తుంది. మార్చి రెండో వారం నుంచి మృగశిర దాకా ఈ చల్క నేలల్లో కొత్తగా విత్తేది దాదాపు ఏమీ లేదు. తోటకూర, గంగవావిలి, బచ్చలి లాంటి మొండి ఆకుకూరలు నీళ్ళు పోస్తే వస్తాయి, అంతే. ఉన్న తీగల్ని కాపాడుకోవడం, మడి తవ్వి బోర్లించి ఎండకు వదిలేయడం, పశువుల ఎరువు తోలడం, ఇవే ఆ మూడు నెలల పని. మేడ్చల్, శామీర్‌పేటల్లో ఇల్లు కట్టేటప్పుడు పునాదుల్లోంచి తీసిన మొరం పెరట్లో పరిచి, దాని మీద రెండంగుళాలు ఎర్రమట్టి చల్లి "గార్డెన్ ఏరియా" అంటారు. అందులో ఏ కార్తెలో ఏది నాటినా దండగే. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు ఎండాకాలంలో చెరువుల పూడికమట్టి ట్రాక్టర్ల మీద చేలకు తోలారు గుర్తుందా? రైతుకు తెలుసు, ఎండాకాలం మట్టి పని కాలమని. ఇల్లు కట్టుకున్న మనం ఆ కాలంలో మట్టిని వదిలేసి మొక్కలు కొంటున్నాం.

జూన్ 5 వస్తోందంటే నాకు ఒళ్ళు మండుతుంది. ప్రపంచ పర్యావరణ దినోత్సవం. కంపెనీల గేట్ల దగ్గర, బడుల్లో, గేటెడ్ కమ్యూనిటీల క్లబ్ హౌసుల్లో మొక్కలు పంచుతారు, ఫొటోలు దిగుతారు. ఆ తేదీ ఎక్కడిది? 1972 జూన్ 5న స్టాక్‌హోమ్‌లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభ మొదలైంది. దాని గుర్తుగా ఆ రోజును పెట్టుకున్నారు. స్టాక్‌హోమ్‌లో జూన్ మొదటి వారం అంటే చెట్లు చిగురించి, పగలు పొడుగై, మొక్కలకు పండగ. శామీర్‌పేటలో జూన్ 5 అంటే రోహిణి కార్తె. రోళ్ళు పగులుతాయని మన పెద్దలు చెప్పుకున్న కార్తె. మూడే మూడు రోజులు ఆగితే మృగశిర. ఆగరు. సభ స్టాక్‌హోమ్‌లో జరిగిందని తెలంగాణ మొక్క ఎండలో చావాలి.

దీనికి పక్కనే ఇంకో తేదీ ఉంది చూడండి. 1950లో కేంద్ర వ్యవసాయ మంత్రిగా కె.ఎం. మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టి దానికి జూలై మొదటి వారం ఎంచుకున్నాడు. వానలు దేశమంతా అల్లుకునే వారం. అంతకు రెండేళ్ళ ముందు ఆ మున్షీయే హైదరాబాదులో భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా బొల్లారంలో మకాం ఉన్నాడు. ఆయన రాజకీయాల మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది. మొక్క నాటే వారం మాత్రం సరిగ్గా పట్టుకున్నాడు. 2015లో హరితహారం మొదలుపెట్టిందీ జూలై మొదట్లోనే. అంటే సర్కారుకు తెలిసిన సంగతి క్లబ్ హౌసుకు తెలియలేదు.

మరి ఈ నేలకు గడియారం ఏది? కార్తెలు. ఆ మాట అనగానే చదువుకున్నవాళ్ళు కొందరు నవ్వుతారు, ఇంకొందరు దండం పెడతారు. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజుల ముక్క కార్తె. ఏడాదికి 27. సూర్యుణ్ణి పట్టుకుని నడిచే లెక్క కాబట్టి ఏటా అదే తేదీకి, మహా అయితే ఒక రోజు తేడాతో వస్తుంది. పండగలు చాలావరకు అలా రావు. బతుకమ్మకు చలికాలపు నారు పోసుకోవాలని ఎవరైనా అలవాటు పెట్టుకుంటే, 2023లో అధిక శ్రావణం పడి బతుకమ్మ అక్టోబరు 14న మొదలైంది, 2025లో సెప్టెంబరు 21న. మూడు వారాలకు పైగా తేడా. నారుకు మూడు వారాలంటే సగం ఆయుష్షు. ఈ చిక్కు కార్తెలో లేదు. అందుకే రైతు దేవుడికి తిథి చూశాడు, నేలకు కార్తె చూశాడు.

అంతమాత్రాన ఇది దేవవాక్కు కాదు. నక్షత్రాల ఏడాదికీ రుతువుల ఏడాదికీ కొద్దిపాటి తేడా ఉంది. డెబ్బై ఏళ్ళకు సుమారు ఒక రోజు చొప్పున కార్తెలు రుతువుల్లో ఆలస్యమవుతుంటాయి. వెయ్యేళ్ళ కిందటి రోహిణి ఇప్పటి కంటే రెండు వారాలు ముందే వచ్చేది. కాబట్టి పౌర్ణమికి దుంపలు, అమావాస్యకు ఆకులు అంటూ రంగురంగుల చార్టులు అమ్ముకునేవాళ్ళు కార్తెల పేరు చెప్పి నా దగ్గరికి రావద్దు. శుభముహూర్తంలో పాతినా సరే, మే నెలలో క్యారెట్ క్యారెట్ అవదు. కార్తె అంటే ఇక్కడి ఎండ, ఇక్కడి వాన, ఇక్కడి పగటి పొడవు జనం నోట గుర్తుండేలా పెట్టుకున్న పట్టిక. దాని విలువ అంతే, అది చాలా ఎక్కువ.

మృగశిర జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. హైదరాబాదు ఆ రోజు చేపలు తింటుంది. పెరడు ఆ రోజే మొదలవ్వాలని లేదు. మొదటి జల్లుకే పరుగెత్తి గింజ వేసినవాడు తర్వాత పది రోజులు మబ్బుల వంక చూస్తూ కూర్చుంటాడు. రెండు గట్టి వానలు పడి, వేలు గుచ్చితే లోపలిదాకా చల్లగా తగలాలి. అప్పుడు బెండ, గోరుచిక్కుడు, సొర, బీర, కాకర, పొట్ల, గుమ్మడి నేరుగా విత్తుకోవాలి. వంగ, మిరప నారు పోసుకోవాలి. పసుపు, అల్లం, చామదుంపలు నేలలో పడాలి. కరివేపాకు, మునగ పెట్టాలన్నా ఇదే అదను. మృగశిరలో పెట్టిన గుమ్మడి తీగ బతుకమ్మ నాటికి పువ్వుల మీద ఉంటుంది. గౌరమ్మను పెట్టుకోవడానికి గుమ్మడి పువ్వు కోసం ఇరుగుపొరుగును అడుక్కునే కొత్త కాలనీల ఆడపిల్లలు ఈ సంగతి జూన్‌లోనే గుర్తుపెట్టుకోవాలి.

చిక్కుడు మీద కాస్త ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే దాని మీద జరిగినన్ని హత్యలు ఇంకే తీగ మీదా జరగలేదు. మన పందిరి చిక్కుడు పగటి పొడవును కొలుస్తుంది. శామీర్‌పేట ఉన్న చోట ఏడాదిలో పెద్ద పగలు పదమూడు గంటలకు కాస్త పైన, చిన్న పగలు పదకొండు గంటలకు కాస్త పైన. రెండు గంటల తేడా మనిషికి పట్టదు, చిక్కుడుకు పడుతుంది. పగలు కురచ అవుతున్నాయని తెలిశాకనే అది పూతకు వస్తుంది. ఫిబ్రవరిలో విత్తారనుకోండి, పందిరి ఎక్కుతుంది, గోడ దూకుతుంది, పక్కింటి డిష్ యాంటెన్నాకు చుట్టుకుంటుంది, ఒక్క పువ్వు పెట్టదు. జూలై నాటికి ఇంటివాళ్ళకు ఓపిక చచ్చి, "ఇది గొడ్డు తీగ" అని మొదలుకంటా నరికేస్తారు. ఇంకో మూడు నెలలు ఆగితే విరగబూసేది. మన పెద్దవాళ్ళు బోనాల రోజుల్లో, పునర్వసు, పుష్యమి కార్తెల్లో గింజ పెట్టేవాళ్ళు. తీగ ఎదగడానికి వాన సరిపోయేది, పూతకు వచ్చే వేళకు పగలు కురచ అయ్యేది, సంక్రాంతికి కాయలు గంపలకొద్దీ దిగేవి. రథసప్తమికి చిక్కుడుకాయలు పుల్లలకు గుచ్చి రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టే ఆచారం ఏదో మామూలుగా వచ్చిందనుకున్నారా? మాఘంలో ప్రతి ఇంటి పందిరి మీదా చిక్కుడు ఉండేది కాబట్టి వచ్చింది. పగటి పొడవును పట్టించుకోని పొట్టి రకాలు ఇప్పుడు వచ్చాయి, నిజమే. అవి అమ్మేటప్పుడు అవి ఏ రకమో చెప్పి అమ్మండి.

గోంగూర ఇదే గుణం తిరగేసి చూపిస్తుంది. దానికీ కురచ పగలే పూతకు పిలుపు. మనకు కావలసింది ఆకు. కాబట్టి పగలు పొడుగ్గా ఉన్నప్పుడే విత్తాలి. అక్టోబరులో విత్తి, జానెడు మొక్కకే మొగ్గలు వచ్చాయని దిగులు పడేవాళ్ళను ఏటా చూస్తున్నాను. మొక్క దాని పని అది చేసుకుంటోంది.

ఇక అసలు పంటకాలం. ఇంటి పెరటికి మేడ్చల్ వైపు దొరికే అదృష్టం చలికాలం. నగరం మధ్యలో సిమెంటు రాత్రంతా వేడి కక్కుతుంటే, ఈ ఉత్తరపు అంచున డిసెంబరు, జనవరి రాత్రుళ్ళు 12 డిగ్రీలకు, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతుంది. టమాటా, గోబీ, క్యాబేజీ, క్యారెట్, ముల్లంగి, బీట్‌రూట్, పాలకూర, మెంతికూర, కొత్తిమీర, అన్నీ ఇప్పుడే. ఏప్రిల్‌లో ఏ నారు కొని డబ్బు తగలేశారో అదే నారు ఇప్పుడు కొడవలితో నరికినా మళ్ళీ లేచేంత బలంగా ఉంటుంది. నారు ఉత్తర, హస్త కార్తెల్లో, అంటే సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మొదటి వారం లోపల పోసుకోవాలి. పోసి, చూరు కిందో రేకు కిందో ఉంచాలి. చిత్త కార్తెను నమ్మొద్దు. 2020 అక్టోబరు 13న ఇదే మేడ్చల్ జిల్లా ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు మించి వాన కురిసింది. ఆ వారం ఆరుబయట నాటిన లేత నారు ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. స్వాతి కార్తె వచ్చాక, అక్టోబరు చివరి వారంలో, మడిలోకి మార్చితే నవంబరు ఎండ, డిసెంబరు చలి రెండూ దానివే. కొత్తిమీర, మెంతి కూడా అప్పటి నుంచి పదిహేను రోజులకోసారి కొద్దికొద్దిగా చల్లుకుంటూ పోవాలి. ఒకేసారి ప్యాకెట్ మొత్తం గుమ్మరించి, ఒకే వారంలో ఊరందరికీ పంచి, తర్వాత బజారుకు పరుగెత్తడం ఏం తోటపని?

కొత్తిమీర సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. మే నెలలో శామీర్‌పేట దారి పక్కన కూరగాయలు పెట్టుకు కూర్చున్న ఒక అవ్వను ఓ పెద్దమనిషి అడుగుతున్నాడు, మా ఇంట్లో ధనియాలు చల్లితే మొలవడం లేదు, మొలిచినా పూతకొస్తున్నాయి అని. అవ్వ ఆయన్ను ఎగాదిగా చూసింది. "గీ ఎండల కొత్తిమీర ఏడ అయితది బిడ్డా! నా తాన కొనుక్కపో, దసరా ఎల్లినంక ఏసుకో." ఆమె తన సరుకు అమ్ముకుంటూనే నిజం చెప్పింది. ఆకుపచ్చ వలల కింద కూర్చున్నవాళ్ళ నుంచి నేను అడిగేది ఆ పాటి నిజాయితీయే.

ఇక్కడ ఒకాయన లేచి, "మరి రైతులు ఎండాకాలంలో కొత్తిమీర వేయడం లేదా? ఒంటిమామిడి మార్కెట్‌కు మే నెలలో వస్తోంది కదా?" అంటాడు. వస్తోంది. ఆ రైతుకు నీడవల ఉంది, డ్రిప్పు ఉంది, మల్చింగ్ షీటు ఉంది, అన్నిటికీ మించి ఆ నెలలో కట్టకు వచ్చే ధర మీద లెక్క ఉంది. కాలానికి ఎదురెళ్తున్నానని ఆయనకు తెలుసు, ఎదురెళ్ళడానికి తగిన ఖర్చు పెడతాడు, పోతే పోయిందని గుండె రాయి చేసుకుంటాడు. మీకు నాలుగు కుండీలు, ఒక పైపు, ఆదివారం ఉన్నాయి. ఆయన జూదాన్ని మీ చేత ఆడించేవాడు మీ స్నేహితుడు కాడు. ధర చూసి విత్తడమూ అంతే. 2023 జూలైలో టమాటా కిలో 150 దాటగానే కుండీల్లో టమాటా నాటాలని జనం ఎగబడ్డారు. నాటిన రెండు నెలలకు గాని మొదటి కాయ చేతికి రాదు. సెప్టెంబరు వచ్చేసరికి అదే టమాటాను రైతులు రోడ్డు మీద పారబోస్తున్నారు.

ఇంకొకరు, కాస్త మర్యాదస్తులు, వాతావరణం మారిపోయింది కదా, కార్తెలు ఇంకా పనికొస్తాయా అంటారు. వానలు మారాయి, ఒప్పుకుంటాను. మృగశిర ఎండిపోవడం, చిత్త ముంచెత్తడం మనం చూస్తున్నదే. కానీ పగటి పొడవు మారలేదు, చిక్కుడు ఇంకా పాత పద్ధతిలోనే కొలుస్తోంది. చలికాలం చలికాలంలోనే వస్తోంది. ఎండ ముదిరిందంటే ఏప్రిల్‌ను ఇంకా ఎక్కువగా వదిలేయాలని అర్థం, ఇంకో ట్రే కొనుక్కోమని కాదు. వాతావరణం చెడిపోయిందన్న వంక అమ్మేవాడికి అనుకూలంగా ఎలా తిరిగిందో నాకు ఎంత ఆలోచించినా అంతుపట్టదు.

సువాసన మొక్కల పిచ్చి కొత్తగా పట్టింది. రోజ్‌మేరీ, థైమ్, పార్స్‌లీ. పెంచుకోండి, పిజ్జా మీద చల్లుకోండి, నాకేం. వాటికి మన అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా స్వర్గం, మే ఎండా ఆగస్టు ముసురూ నరకం. ఏప్రిల్‌లో కొన్న రోజ్‌మేరీ జూలైలో వేరు కుళ్ళి పోవడం మొక్క తప్పు కాదు. బేసిల్ కోసం విదేశీ ప్యాకెట్‌కు వందలు పోసేవాళ్ళు కిరాణా కొట్లో సబ్జా గింజలు అడిగి చూడాలి. ఫాలూదాలో వేసుకునే ఆ గింజలు ఆ జాతి మొక్కవే. వాన మొదలయ్యాక మట్టిలో చల్లితే వద్దన్నా మొలుస్తాయి. పుదీనాకు కట్టలోంచి నాలుగు కాడలు చాలు. వాము ఆకుకు విరిచిన కొమ్మ చాలు. ఇవి అమ్మితే నర్సరీకి మిగిలేదేం లేదు కాబట్టి ముందు వరసలో కనిపించవు.

ముందు వరసలో కనిపించేవాటిలో చాలా మొక్కలు గోదావరి ఒడ్డున కడియం నర్సరీల నుంచి లారీల్లో వచ్చినవి. కడియం మీద నాకు కోపం లేదు, అక్కడివాళ్ళ పనితనానికి చేతులెత్తి దండం పెడతాను. అక్కడి గాలిలో తడి, అక్కడి ఒండ్రుమట్టి వేరు. అక్కడ పెరిగిన మొక్కను మేడ్చల్ చల్కలో, పొడిగాలిలో నిలబెట్టాలంటే దానికి అలవాటు పడే వ్యవధి, చల్లని వేళ కావాలి. జూలై ముసురులో నాటితే ఆ వ్యవధి దొరుకుతుంది. రోహిణిలో నాటితే లారీ దిగడమే దాని ఆఖరి ప్రయాణం.

ఈ ప్రాంతం ఎప్పుడూ ఇంత అజ్ఞానంలో లేదు, నా మంట అందుకే. మేడ్చల్, శామీర్‌పేట, కీసర చుట్టూ ఒకప్పుడు ద్రాక్ష తోటలు. అనాబ్-ఇ-షాహీ పందిళ్ళు. ద్రాక్ష రైతుకు ఏడాదికి రెండు కత్తిరింపులు ఉంటాయి, ఎండాకాలం మొదట ఒకటి, అక్టోబరు ప్రాంతంలో ఒకటి. ఆ రెండో కత్తిరింపు పది రోజులు అటూ ఇటూ అయితే ఏడాది పంట మారిపోతుందని ఆయనకు తెలుసు. ఆ పందిళ్ళు పోయి ప్లాట్లు వచ్చాయి. ప్లాట్ల బ్రోచర్ మీద "365 రోజులూ మీ తోట, మీ కూరగాయలు" అని అచ్చేశారు. ద్రాక్ష రైతు చూస్తే నవ్వేవాడో ఏడ్చేవాడో.

చెప్పేవాళ్ళు లేరా అంటే ఉన్నారు. ఇదే రాజీవ్ రహదారి మీద ఇంకాస్త ముందుకు పోతే ములుగులో శ్రీ కొండా లక్ష్మణ్ పేరిట ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. ఇటు జీడిమెట్లలో ఉద్యాన శాఖ వారి కేంద్రంలో కూరగాయల నారు పెంచుతారు. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏటా వ్యవసాయ పంచాంగం అచ్చేస్తుంది, ఏ పంట ఎప్పుడో అందులో ఉంటుంది. కానీ అదంతా ఎకరాల భాషలో, రైతు కోసం. ఇంటి వెనక రెండు వందల గజాలున్న మనిషితో ఈ సంస్థలేవీ మాట్లాడవు. ఆ ఖాళీలోకి వీడియో దూరింది, ట్రే దూరింది. ఒక్క కాగితం, రెండు వైపులా అచ్చు, ఈ జిల్లా వరకు, కార్తె వారీగా ఏది విత్తాలి, ముఖ్యంగా ఏది విత్తకూడదు అని రాసి ప్రతి నర్సరీ గుమ్మంలో అంటించడానికి ఏం అడ్డొచ్చింది? ఇంటి పన్ను నోటీసు ప్రతి గడపకూ చేర్చే మున్సిపాలిటీకి ఈ కాగితం బరువైందా?

నర్సరీవాళ్ళకు నా డిమాండ్ ఇంకా చిన్నది. సంక్రాంతి వెళ్ళాక ఫిబ్రవరి నెలాఖరు దాకా బీర, సొర, దోస, కాకర, బెండ గింజలు ఎన్నైనా అమ్మండి, వేసవి కాపుకు అదే సమయం. శతభిషం కార్తె వెళ్ళిన రోజు, మార్చి మొదటి వారంలో, గోబీ ట్రేలు లోపల పెట్టేయండి. మృగశిర దాకా బయటికి తీయొద్దు. ఎవరైనా వచ్చి "ఇప్పుడు నాటొచ్చా?" అంటే "ఇప్పుడు కాదు సార్" అనండి.

"మరి మూడు నెలలు మేమేం తినాలి?" అంటారు. పశువుల ఎరువు అమ్మండి, మాగినది, పేడ వాసన పోయినది. చెరువుమట్టి అమ్మండి. పందిరి గుంజలు, జీఐ తీగ, గోనెపట్టా అమ్మండి. మడి తవ్వే మనిషిని రోజు కూలికి కుదిర్చి, మధ్యలో మీ వాటా మీరు తీసుకోండి. బేరం కూడా ఆడకుండా కొంటాం.